నాన్న పాటకు చివరి చరణం

అలెగ్జాండ్రియాలో, అన్ఫూషీ రేవు పక్కన మేడమీది గదిలో నెస్మా పాటలు కట్టి, కంప్యూటర్లోనే వాయిద్యాలు కూర్చుకునేది. చేపల వేటకు వెళ్లే తండ్రి అబ్దుల్ బారీ మీద కట్టిన పాట మాత్రం చివరి చరణం దగ్గర ఆగిపోయింది. ఎన్ని మాటలు రాసినా చెరిపేసేది.

ఆ మధ్యాహ్నం తుఫాను లేచింది. తండ్రి పడవ తప్ప మిగతావన్నీ తిరిగొచ్చాయి. నెస్మా మళ్లీ పాట ముందు కూర్చుంది. పాటలో తండ్రిని ఇంటికి చేరిస్తే దిష్టి తగులుతుందేమో, చేర్చకపోతే అదే నిజమవుతుందేమో!

తల్లి ఇన్షిరాహ్ తడిసిన ముసుగుతో గదిలోకొచ్చింది. "ఏమే, ఆ పాట పెట్టు. కింద చేరిన ఇరుగుపొరుగు ఆడవాళ్ల ఏడుపులు వినలేక చస్తున్నా."

"అది పూర్తి కాలేదమ్మా. ముగించాలంటే భయమేస్తోంది."

"నీ పాట విని ఆగేంత మర్యాద సముద్రానికెక్కడిదే, పిచ్చిదానా? పాటలోనే మీ నాన్నని కేకెయ్యి. రోజూ రేవులో నేను చేసేది అదేగా!"

నెస్మా మైకు తెరిచింది. "నాన్నా, ఎందాకా వచ్చావు?" అని పాడింది. తల్లి గొంతు కలిపింది. కిటికీ రెక్కల చప్పుడూ అందులో పడింది. ఆ ప్రశ్నతోనే పాట ముగిసింది. ఈసారి నెస్మా చెరపలేదు. భయం మాత్రం వదల్లేదు. ఇద్దరూ చేతులు పట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నారు.

పొద్దున అబ్దుల్ బారీ తూర్పు తీరంలోని అబూకీర్ రేవు నుంచి ఫోన్ చేశాడు. ఇంజను చెడి పడవ అక్కడికి కొట్టుకుపోయిందట.

"చేపల్లేవు గానీ నేనున్నానే," అన్నాడు.