నీళ్ల వంతు, గోలీల వంతు

మా పొరుగు గది శివరాం టీబీ కార్డు మీద ఎర్రసిరాతో "మందు తానే మానేశాడు" అని రాశారు. దవాఖానా బల్ల దగ్గర నిలబడి ఆ ముక్క నేనే చదివాను. అప్పటికి అతని మూత్రపిండాలు రెండూ చెడి, పెద్దాసుపత్రిలో మిషను మీద రక్తం కడుగుతున్నారు. కోపం రావాలి కదా! రాలేదు. ఒళ్లంతా మొద్దుబారిపోయింది.

మానేసింది అతను కాదు. రెండు నెలలు దవాఖానాలో టీబీ గోలీలే లేవు. "రేపు రా" అన్నారు, మర్నాడూ అదే మాట. కామాటిపుర తొమ్మిదో గల్లీలో వరసగదుల మా చాల్‌కు ఒకటే నల్లా. నీళ్లు తగ్గితే గదికి రెండు బకెట్లని వంతు వేసేది ఈ గంగవ్వే. గోలీలు తగ్గినప్పుడూ నేను అదే పని చేశాను. శివరాంతో కలిపి చాల్‌లోని ఆరుగురు రోగుల దగ్గర మిగిలినవన్నీ ఒక్క డబ్బాలో పోసి, రోజు విడిచి రోజు పంచాను. అందరికీ సమానం అనుకున్నాను. నా తెలివి తగలెయ్య!

మందు మళ్లీ రాగానే అందరికంటే ముందు శివరామే తెచ్చుకుని మింగాడు. మూడో రోజుకు వణుకు, వాంతులు, నడుంనొప్పి. మూత్రం ముదురు రంగులో చుక్కలుగా వచ్చింది. ఈ గోలీలకు ఎర్రగా వస్తుందని ముందే చెప్పారు కాబట్టి మేమెవరమూ పట్టించుకోలేదు.

"విడిచి విడిచి మింగి మళ్లీ మొదలుపెడితే కొందరికి ఈ మందు కిడ్నీల మీద పడుతుంది. రక్తం చూసి ఇవ్వాల్సింది" అంది పెద్దాసుపత్రి డాక్టరమ్మ.

మిగతా ఐదుగురూ భయపడి గోలీ ముట్టలేదు. ముట్టకపోతే దగ్గే చంపుతుంది. ఆ ఐదుగురిలో శివరాం భార్య రేణుక ఒకతి. ఆమె నాతో మాట్లాడటం మానేసింది.

నల్లా దగ్గర మీటింగ్ పెట్టాం. సెంట్రింగ్ పనిచేసే తుకారాం లేచాడు.

"పంచుడే తప్పయింది గంగవ్వా. ఉన్నది పంచుకునుడు గాదు, లేనిది అడగాలె. ఇచ్చెదాక దవాఖానలనే గూసోవాలె."

"దవాఖాన కాడ గూసుంటే రోజీ కూలి ఎవడిస్తడు?" అంది పోచమ్మ.

"రోజీ ఇచ్చెటోడు కిడ్నీ గూడ ఇస్తడా?" అన్నాడు తుకారాం.



తెల్లారి నలభైమందిమి వెళ్లి దవాఖానా బల్ల ముందు కూర్చున్నాం.

"గోలీలు వచ్చినయ్ గదా, తీస్కోని పోండి. రక్తం పరీక్ష ఈడ లేదు" అన్నాడు ఆఫీసరు.

"మింగుతం సాబ్, మింగం అని ఎవరన్నరు? ముందుగాల రక్తం చూడుండ్రి. శివరాం కార్డు మీద ఆ అబద్ధం కొట్టేయుండ్రి" అన్నాను నేను.

పోలీసులు వచ్చారు. అడిగింది ఒకటే: పర్మిషన్ లేకుండా మందు పంచిందెవరు?

"నేనే సాబ్" అన్నాను. "దవాఖానల మందు లేకుండ చేసిందెవరో గది గూడ రాసుకో."

జబ్బ పట్టుకుని వ్యానువైపు లాగారు. అప్పుడు రేణుక లేచింది. ఇన్నాళ్లకు నా మొహంలోకి చూసింది.

"నువ్వు పో గంగవ్వా. నల్లా వంతు నేను జూస్కుంట."

వచ్చి నా జాగాలో కూర్చుంది. జాకెట్టు చెయ్యి పైకి మడిచి బల్ల మీద చాపింది. "రక్తం తియ్యి సాబ్. అప్పుడే లేస్తం" అంది.

వ్యాను కదిలేసరికి ఆ బల్ల మీద ఐదు చేతులున్నాయి. నాకు అప్పుడు ఏడుపొచ్చింది.