మిద్దెకెక్కే పరుపు

కాటన్‌పేటలో దూది వ్యాపారి మునీంద్ర ఇంట్లో పరుపు తనంతట తానే లేచేది. ఆయన పళ్లు తోముకునేలోగా మెట్లెక్కిపోయి మిద్దెమీద ఎండ కాచుకునేది. సాయంత్రం దిగొచ్చి మంచమెక్కేది. తాతల నాటినుంచీ అంతే. మెట్లమీద ఎదురైతే ఆయన భార్య పుష్పావతి పక్కకు తప్పుకునేది.

ఈ చలికాలం పరుపు పొద్దున ఎక్కిపోతూ మెట్లమీద తడి చారికలు వదలసాగింది.

"మిద్దెమీద చిక్కమునియప్ప ట్యాంకు పడకమీదికి కారతా ఉండాది," అన్నాడు మునీంద్ర.

"నా ట్యాంకు కింద ఉండేది మీ వంటిల్లప్పా, పడకగది కాదు," అని మిద్దెమీది గదిలో అద్దెకుండే చిక్కమునియప్ప మొహం ముడుచుకున్నాడు.

పుష్పావతికి మొగుడిమీదే అనుమానం. పరుపులో తన పక్క పొడిగా ఉంది, ఆయన పక్కే తడి. మంచం కింద ఉండచుట్టి దాచిన బనియన్లు దొరికాయి. వాసన చూసింది. సారా కాదు, వట్టి చెమట. ఇంత చలిలో చెమటేమిటి? చొక్కాలు వదులైపోతున్నాయి, ముద్ద సగం పళ్లెంలోనే మిగిలిపోతోంది.

"ఏమి దాస్తా ఉండారు?"

"దాసేదేముండాది? దూది దుమ్ముకు ఒళ్లు వేడి చేసింది."

ఆయన మెడపక్కన నిమ్మకాయంత గడ్డ ఉంది. మూటలు మోసేవాళ్లకు అక్కడ కండ కట్టడం పేటలో మామూలే. తనదీ అదేనని మునీంద్ర గట్టిగా అనుకున్నాడు. నొప్పి లేదు గదా అని ధైర్యం. లోపల మాత్రం భయమే.

ఒక పొద్దున పరుపు మెట్లవైపు పోలేదు. వీధి తలుపు దాటి, ఆటోల మధ్యనుంచి నడిచి, మూలమీది జ్ఞానప్రకాశం డాక్టరు క్లినిక్కులో బల్లమీద పడుకుంది. వెనకే ఆయాసపడుతూ మునీంద్ర, ఆయన వెనక పుష్పావతి.

డాక్టరు పరుపును నొక్కి చూసి, మునీంద్ర కాలరు పక్కకు లాగాడు.

"ఇది మూటల కండ కాదప్పా. ఒంట్లో రోగాలకు కాపలా కాసే గ్రంథులుంటాయి. ఆ కాపలావాడే చెడినాడేమో. ముక్క తీసి పరీక్ష చేయాల."

"నొప్పే లేదు కదా?"

"అందుకే నా అనుమానం."

పరీక్షలో లింఫోమా అని తేలింది. లింఫ్ గ్రంథుల కాన్సర్. వేళకే వచ్చారు, మందుకు లొంగే రకమేనని పెద్దాసుపత్రిలో చెప్పారు. పుష్పావతి ఆ మాటా నమ్మలేదు. కీమో సాగినన్నాళ్లూ రోజూ పొద్దున్నే పరుపులో ఆయన పక్క తడిగా ఉందేమోనని చెయ్యి ఆనించి చూసేది.

మామిడికాయలు వచ్చే రోజుల్లో ఒకనాడు చేతికి పొడిగా తగిలింది. అనుమానం తీరక రెండో చెయ్యీ ఆనించింది. పొడిగానే ఉంది. మిద్దెమీద ఎండ వచ్చేసింది, పరుపు మాత్రం కదలలేదు. దానిమీద మునీంద్ర ఒళ్లెరగకుండా నిద్రపోతున్నాడు. ఆయన లేచేదాకా అది లేవదని పుష్పావతికి నమ్మకం కుదిరింది. తలుపు దగ్గరగా వేసి కాఫీకి పాలు పెట్టడానికి వెళ్లింది.