పీతలు ముట్టని రోజులు

సెగుందో పడవ ఇసుకమేట దగ్గర బోల్తా పడినప్పటి నుంచి లోబెరా రేవులో ఎవరూ పీతల జోలికి పోలేదు. పీతల బుట్టలన్నీ ఒడ్డుకు చేర్చి బోర్లించి పెట్టారు. పడవలో ఉన్న మిగతా ఇద్దరూ ఈదుకుంటూ వచ్చారు. సెగుందో రాలేదు, శవమూ కొట్టుకురాలేదు. నీళ్ళ అడుగున ఏది పడితే దాన్ని తిని బతికేది పీత. అందుకని మనిషి దొరికేదాకా పీత ముట్టకూడదు. ఎంతకీ దొరక్కపోతే, అతని భార్య ఆశ వదులుకుని ఒడ్డున చిన్న గూడు కట్టించి దీపం పెట్టేదాకా ముట్టకూడదు. ఎవరూ రాసి పెట్టిన నియమం కాదది. మా తీరంలో పుట్టిన పిల్లలకు మాటలతో పాటే వస్తుంది.

ఎర్మిందాకు ఇది తెలియదని ఎవరూ అనలేరు. ఆమె ఆ రేవులోనే పుట్టి ముసలిదైంది. పైగా సెగుందో భార్య సునిల్దా ఆమెకు పరాయిది కాదు. సునిల్దా కూతురికి ఎర్మిందా జ్ఞానతల్లి. ఆ పిల్ల జ్ఞానస్నానం నాటి నుంచీ ఇద్దరూ ఒకరినొకరు వదినా అనే పిలుచుకుంటారు. పడవ బోల్తా పడిన రోజు సునిల్దా ఇంటికి మొదట చారు గిన్నె పట్టుకెళ్ళిందీ ఎర్మిందాయే.

ఆ వారంలోనే ఎర్మిందా తమ్ముడు బాల్దో వచ్చాడు. ఉత్తరాన రాగి గనుల్లో పనిచేసి ఊపిరితిత్తుల నిండా దుమ్ము నింపుకున్న మనిషి. పట్నంలో డాక్టర్లకు చూపించుకుని, వెనక్కి వెళ్ళేముందు ఒక్క రాత్రి అక్క దగ్గర పడుకుని పోదామని సాయంత్రం బస్సు దిగాడు. ఇంత దూరం ఇంకోసారి ప్రయాణం చేయకూడదని డాక్టరు చెప్పిన మాట నవ్వుతూనే చెప్పాడు. ఎర్మిందా నవ్వలేదు. ఎవరు గుమ్మం దాటినా వీళ్ళు మళ్ళీ వస్తారా అని కుమిలిపోయే మనిషి ఆమె. కూరగాయల బండివాడు వెళ్ళిపోతున్నా జాగ్రత్త నాయనా అంటుంది.

"సెగుందో ఎట్టా ఉన్నాడే అక్కా? పొద్దున్నే పోయి వాణ్ణి లేపుతాను" అన్నాడు బాల్దో భోజనం దగ్గర. చిన్నప్పుడు వాళ్ళిద్దరిదీ ఒకే పడవ, ఒకే చొక్కా.

"ఊళ్ళో లేడు. దక్షిణాదికి వేటకెళ్ళాడు" అంది ఎర్మిందా.

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. చెబితే వీడు అప్పటికప్పుడు లేచి సునిల్దా ఇంటికి పోతాడు. రాత్రంతా అక్కడే కూర్చుంటాడు. తెల్లారి అక్కడి నుంచే బస్సెక్కుతాడు. తనకు మిగిలిన ఒక్క పూటనూ చచ్చినవాడు పట్టుకుపోతాడు. అంతవరకే ఆలోచించింది.

"పోనీలే. పీతలైనా పెట్టు. ఆ కొండల్లో పీత మొహం చూసి ఎన్నేళ్ళయిందో."

"ఇక్కడ ఇప్పుడు పడటం లేదురా. రేపు కొలోరా బజారుకి పోదాం. నీ బస్సు కూడా ఆ దారినే కదా."

పొద్దున్నే తమ్ముణ్ణి సునిల్దా ఇంటి ముందు నుంచి కాకుండా వెనక గుట్ట దారిలో తీసుకెళ్ళింది. గుట్ట ఎక్కలేక అతను మధ్యమధ్య ఆగి రొప్పుతుంటే, ఎందుకే ఈ దారి అని అడుగుతాడేమోనని భయపడింది. అతను అడగలేదు. నడ్డి విరగ్గొడుతున్నావు కదే అని మాత్రం అన్నాడు.

కొలోరా బజారు సముద్రంలోకి పొడుచుకొచ్చిన చెక్కల వంతెన మీద ఉంటుంది. కింద చేపల బల్లలు, పైన వంటకొట్లు. బల్లల కింది నీళ్ళలో సముద్ర సింహాలు పేగుల కోసం నోళ్ళు తెరుచుకుని గుర్రుమంటున్నాయి. వంటకొట్ల ఆడవాళ్ళు మెట్ల దగ్గరే నిలబడి వచ్చినవాళ్ళను చేయిపట్టి లాగుతున్నారు.

"ఇటు రా బంగారం, ఇటు. ఆ పక్కకి పోకు. అక్కడ చేపకి వయసెక్కువ, వండేదానికి ఇంకా ఎక్కువ" అంటోంది ఒతీలియా. లావుపాటి మనిషి, తెల్లటి ముందుగుడ్డ కట్టుకుంది.

"నీ చేప లేతదేలే ఒతీలియా. నీ వాగుడు వినలేక చచ్చింది పాపం" అంది పక్క కొట్టావిడ.

బాల్దో నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. ఒతీలియా అతని చేయి పట్టుకుని తీసుకెళ్ళి కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది. ఎర్మిందా పొయ్యి దగ్గరికే వెళ్ళి మెల్లిగా అడిగింది.

"పీతలున్నాయా అమ్మా?"

ఒతీలియా ఉల్లిపాయలు తరగడం ఆపింది. "మీదే ఊరు?"

"పీతలకి ఊరెందుకు?"

"ఈ వారం ఊరు కూడా కావాలి పెద్దమ్మా. లోబెరాలో ఒకాయన సముద్రంలో ఉండిపోయాడు. వాళ్ళ రేవుకీ మా రేవుకీ ఒకటే నీళ్ళు కదా, మేమూ మానేశాం. దక్షిణాన్నుంచి లారీలో వచ్చినవి కాసిని ఉన్నాయనుకో. అవి వేరే నీళ్ళవి. అయినా ఇక్కడివాళ్ళకి పెట్టం, వాళ్ళూ అడగరు. పైనుంచి, సముద్రం లేని ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకైతే వండుతాను, వాళ్ళకేం తెలుసు."

సెగుందోను ఎన్నడూ చూడని ఆడవాళ్ళు ఇక్కడ అతని కోసం నోరు కట్టుకుని ఉన్నారు. ఎర్మిందా అప్పుడే వెనక్కి తిరిగి ఉండాల్సింది. కిటికీ దగ్గర బాల్దో సముద్ర సింహాలకు రొట్టె ముక్క విసిరి చిన్నపిల్లాడిలా చూస్తున్నాడు.

"మాది చియాన్ అమ్మా. సముద్రం ఎరగని ఊరు" అంది ఎర్మిందా.

"అయ్యో, అయితే కూచోండి. బాగా కండ ఉన్నవి ఏరి వేస్తాను."

సముద్రపు నీళ్ళలోనే ఉడకబెట్టి, ఆవిర్లు కక్కుతుండగా పెద్ద పళ్ళెంలో తెచ్చి పెట్టింది. ఇటుకరాయి రంగు డిప్పలు, పక్కన నిమ్మకాయ చెక్కలు, పచ్చిమిరపకాయ, కొత్తిమీర, ఉల్లిపాయ కలిపి నూరిన పచ్చడి, వేడి రొట్టె. బాల్దో కొండి తీసుకుని పళ్ళతోనే కొరికాడు. రసం గడ్డం మీదుగా కారింది.

"నాన్న రాయితో కొట్టి ఇచ్చేవాడు, గుర్తుందా? ముందు నీకిచ్చేవాడు. నాకు కాళ్ళు మిగిలేవి."

"అబద్ధాలకోరు. కండంతా నువ్వే మెక్కేవాడివి."

ఆమె డిప్ప విప్పి తెల్లటి కండ వేళ్ళతో తీసి అతని పళ్ళెంలో పెట్టింది. తనూ తింది. మొదటి ముద్ద నీళ్ళతో మింగింది, రెండోది దానంతటదే దిగిపోయింది. తర్వాత కాళ్ళు విరిచి పీల్చింది. ఉప్పగా, తియ్యగా, చిన్నప్పటి రుచి. తమ్ముడు ఎదురుగా ఉన్నాడు. కాసేపు ఆమెకు సెగుందో గుర్తే లేడు.

ఒతీలియా ఇంకో రొట్టె తెచ్చి పెడుతూ నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. "తినండి, తినండి. పైవాళ్ళు కాబట్టి సరిపోయింది. లోబెరావాళ్ళు ఈ పళ్ళెం చూస్తే ఏడ్చేవాళ్ళు. ఆ సెగుందో చాలా మంచాయనంట."

బాల్దో కొండిని పళ్ళెంలో పెట్టేశాడు. "ఏ సెగుందో?"

"నాకేం తెలుసు బాబూ. మొన్న పడవ బోల్తా పడింది. పాపం ఆయన భార్య ఒక్కో రేవుకీ నడిచి పోతోందంట, ఏమన్నా కొట్టుకొచ్చిందా అని అడగడానికి."

అతను అక్క వైపు తిరిగాడు. "దక్షిణాదికి వెళ్ళాడన్నావు."

"తర్వాత చెబుతాను. చల్లారిపోతుంది, తిను."

"తర్వాతంటే ఎప్పుడే? నేను బస్సెక్కాకా?"

ఎర్మిందా రొట్టె తుంచి అతని వైపు జరుపుతుండగా కింద కత్తుల చప్పుడు ఆగిపోయింది. చేపలవాళ్ళ కేకలు ఒక్కొక్కటే అణిగిపోయాయి. మెట్ల మీద అడుగులు వినిపించాయి. సునిల్దా పైకి వచ్చింది. మగవాళ్ళు టోపీలు తీశారు. తింటున్నవాళ్ళు చెంచాలు కింద పెట్టి లేచి నిలబడ్డారు. అందరితో పాటు ఎర్మిందా కూడా లేచింది, చేతులు వెనక్కి పెట్టుకుని.

"లోబెరా నుంచి వచ్చానమ్మా. మా ఆయన్ని సముద్రం ఇంకా ఇవ్వలేదు. ఇటేమన్నా కొట్టుకొచ్చిందా? పసుపుపచ్చ కోటు గానీ, ఒక బూటు గానీ?" అంది సునిల్దా. చాలాసార్లు అడిగి అడిగి అరిగిపోయిన గొంతు.

"లేదు తల్లీ. కనిపిస్తే మేమే మోసుకొస్తాం" అంది ఒతీలియా.

సునిల్దా తల ఊపి వెనక్కి తిరగబోతూ కిటికీ వైపు చూసింది. ఆమె ముఖం ఒక్కసారిగా చెదిరిపోయింది.

"ఎర్మిందా వదినా. నువ్వు కూడా అడగడానికొచ్చావా? ఆ మోకాళ్ళతో ఇంత దూరం వచ్చావా? బాల్దోని కూడా తీసుకొచ్చావా?"

బల్లల మధ్య నుంచి వచ్చి ఎర్మిందాను కౌగిలించుకుంది. కొట్టులో ఉన్న ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఒతీలియా ఒక్కతే కళ్ళు తుడుచుకోలేదు. ఎర్మిందానూ, బల్ల మీది పళ్ళేన్నీ మార్చి మార్చి చూసి, తన ముందుగుడ్డ విప్పి పళ్ళెం మీద కప్పేసింది.

"నువ్వొక్కదానివే తోడున్నావు నాకు" అంటూ సునిల్దా వదిన రెండు చేతులూ పట్టుకుని పెదాలకు ఆనించుకుంది.

అలాగే ఉండిపోయింది. వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద ఉన్న ఆ వాసన ఏమిటో మా తీరంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. సునిల్దా ఆ చేతులను విసిరికొట్టలేదు. మెల్లిగా కిందికి దించి వదిలేసింది. బల్ల మీద కప్పిన గుడ్డ వైపు ఒకసారి చూసింది.

"కూర్చో బాల్దో. నువ్వు తిను. నువ్వు దూరం నుంచి వచ్చావు, నీకు పట్టింపు లేదు" అంది.

"నాకు తెలీదు సునిల్దా. నిజంగా తెలీదు."

"తెలుసులే అయ్యా. నీకు తెలిస్తే ఇక్కడెందుకుంటావు." తర్వాత ఎర్మిందా వైపు చూడకుండా అంది, "చేతులు కడుక్కుని రా వదినా."

కుళాయి పొయ్యి వెనక ఉంది. ఒతీలియా ఒక నిమ్మచెక్క తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"బాగా రుద్దుకో. మీ చియాన్‌లో నిమ్మకాయలు దొరకవేమో."

ఎర్మిందా రుద్దుకుంది. గోళ్ళ కింద మండింది. ఇంకా రుద్దుకుంది. తిరిగి వచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది. కిటికీలోంచి చూస్తే తమ్ముడూ సునిల్దా ఇసుక మీద నడుస్తున్నారు, అలలు విడిచిన గీత వెంట, తలలు వంచుకుని. అతను నాచు కుప్పలను కాలితో కదిపి చూస్తున్నాడు. ఎర్మిందా గబగబా మెట్లు దిగి వెనకాలే వెళ్ళింది. కేకేస్తే వినపడేంత దగ్గరే. కానీ బాల్దో రొప్పుకు వాళ్ళు ఆగినప్పుడల్లా ఆమె కూడా ఆగిపోయింది.

రోడ్డు మలుపు దగ్గర బస్సు వచ్చింది. బాల్దో సునిల్దాను పొదువుకుని చాలాసేపు నిలబడ్డాడు. డ్రైవరు హారన్ కొట్టాడు. అప్పుడు అక్క దగ్గరికి వచ్చి ఆమె శాలువా సరిచేశాడు.

"చెబితే నీతో కలిసి వెతికేవాణ్ణి కదే అక్కా. ఆ పూట కూడా నీదే అయ్యేది." మెట్టు ఎక్కి మళ్ళీ తిరిగాడు. "ఇంకేమన్నా దాచావా?"

"లేదురా."

అతను నమ్మాడో లేదో అతని ముఖంలో తెలియలేదు. తలుపు మూసుకుంది. బస్సు వెళ్ళిపోయే దాకా ఎర్మిందా చేయి ఊపుతూనే ఉంది. కిటికీలోంచి ఎవరూ చేయి ఊపలేదు. అతను అవతలి వైపు కూర్చుని ఉంటాడని చెప్పుకుంది.

సునిల్దా అప్పటికే మళ్ళీ ఇసుకలోకి దిగి తర్వాతి రేవు వైపు నడవసాగింది. ఎర్మిందా పరుగులాంటి నడకతో ఆమెను అందుకుంది. పక్కపక్కనే నడిచారు, తడి ఇసుక మీద ఒకరు, పొడి ఇసుక మీద ఒకరు. చాలా దూరం పోయాక ఎర్మిందా అంది.

"వదినా. నేను వెతకడానికి రాలేదు."

"తెలుసు" అంది సునిల్దా, నీళ్ళ మీది నుంచి చూపు తిప్పకుండా. "ఇప్పుడు వెతుకు."