యాదలక్ష్మి పక్కన ఎవరూ లేరు

బాలింత రామమ్మ చచ్చిపోయింది. పెన్సిలిన్ సూది దిగిన కాసేపటికే మొహం ఉబ్బి, ఊపిరాడక, మా కళ్లముందే చచ్చిపోయింది. పక్కన పసిగుడ్డు పాలకోసం ఏడుస్తూనే ఉంది.

సూది ఇచ్చింది మా యాదలక్ష్మి. నర్సు ట్రైనింగులో మొదటి ఏడు పిల్ల. ఆ మందు ముందుగా చర్మంలోకి చుక్కంత ఎక్కించి, ఒంటికి పడుతుందో లేదో చూడాలని ఆమెకెవరూ నేర్పలేదు. పెద్ద సిస్టరు పక్కన లేనిదే విద్యార్థిని సూది పట్టరాదని నర్సింగ్ కౌన్సిల్ నియమం. మా పాలమూరు దవాఖానలో తనిఖీ జరిగే రోజు తప్ప ఆ నియమం ఎవరికీ గుర్తుండేది కాదు. మా వార్డు సిస్టరు గోవిందమ్మను సూపరింటెండెంటు డాక్టరు రామచంద్రయ్య తన సొంత క్లినిక్‌లో కాన్పులకు వాడుకునేవాడు. కాదంటే బదిలీ. వార్డంతా మా విద్యార్థినుల నెత్తిన.

ఆయన వచ్చి శవం వైపైనా చూడలేదు. "ఈ పిల్లే చంపింది. పోలీసులకు కబురు పెట్టండి," అన్నాడు, సిగ్గు లేకుండా.

రామమ్మ పెనిమిటి గుర్వయ్య, గొర్లకాపరి, కర్రెత్తి యాదలక్ష్మి మీదికొచ్చాడు. వెనక వాళ్ల మనుషులంతా ఉన్నారు. ఆమె పారిపోలేదు.

"నేనే ఇచ్చిన అన్నా. కొట్టు. ఒక్కదాన్నే ఉన్న. ఎట్లియ్యాల్నో చెప్పెటోళ్లు లేరు."

"ఎవలుండాలె నీ పక్కన?"

మేమంతా ఒక్కసారే అరిచి చెప్పాం, ఎవరుండాలో, ఆ సిస్టరును ఎవరు తీసుకుపోయారో.

గుర్వయ్య కర్ర దించాడు. "కొత్త పోరణ్ని మేం మందెంబడి ఒక్కణ్నే తోలం. మొదటేడంత పెద్దోడు ఎంట ఉంటడు. ఒక్కణ్ని తోలినంక గొర్రెను తోడేలు ఎత్కపోతే, పోరణ్ని గాదు, తోలినోణ్ని అడుగుతం." ఏడుస్తూనే డాక్టరు వైపు తిరిగాడు. "గీ దొరను అడుగుత."

ఆ మాటతో మా భయం పోయింది. మాకప్పుడు పగ తీరాలి. దాచడమెందుకు?

"పక్కన సిస్టరు లేంది సూది పట్టం!" అని ట్రేలు తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టాం.

"హాస్టల్ ఖాళీ చెయ్యండి!" అని ఆయన అరిచాడు.

ఎస్సై వచ్చి యాదలక్ష్మి చెయ్యి పట్టుకున్నాడు. అప్పటికి సంగతి తెలిసి గోవిందమ్మ క్లినిక్ నుంచి పరుగెత్తుకొచ్చింది.

"నన్ను గూడ తీస్కపోండ్రి. నేనుండాల్సిన జాగల లేను. నన్ను ఆడికి తోలింది గీయననే. రాస్కోండ్రి."

"నీ ఉద్యోగం పోతుంది గోవిందమ్మా!" అని రామచంద్రయ్య బెదిరించాడు.

"పోనీయ్. రామమ్మ పాణమే పాయె!"

ఎస్సై నసిగాడు. "డాక్టరుగారు పెద్దమనిషి, ఆయన్నెట్లా..."

గుర్వయ్య తల్లి బక్కమ్మ పసిగుడ్డును ఎత్తుకుని ముందుకొచ్చింది. "పెద్దమనిషైతే ముందుగాల ఆయన్నే నడువుమను."

రామచంద్రయ్య కారు వైపు జారుకోబోయాడు. కాపర్లు కర్రలు అడ్డం పెట్టారు. ఒక్క దెబ్బ వెయ్యలేదు. దెబ్బతో చల్లారే కసి కాదది.

పోలీసు జీపు దవాఖాన ముందు ఖాళీగానే ఉండిపోయింది. బజారు నడిమధ్యనుంచి అందరం ఠాణాకు నడిచాం. అంగళ్లలోంచి జనం వచ్చి ఏమైందని అడిగితే, ఆగి ప్రతి ఒక్కరికీ చెప్పాం. యాదలక్ష్మి చెయ్యి గోవిందమ్మ వదల్లేదు. డాక్టరు రామచంద్రయ్యను మా నడుమ పెట్టుకుని నడిపించాం.