చెల్లెలి పేరున రాసిన పరీక్ష

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన ఎప్పుడూ దెప్పుతాడు. నిజమే. ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గరి ల్యాబులో పదహారేళ్లుగా రక్తం తీస్తున్నాను, నోరు మూసుకుని తీసిన రోజు ఒక్కటీ లేదు.

ఆ ఉదయం బుగ్గమ్మ వచ్చింది. వెంట కోడలు మనోజ, మనోజ చెల్లెలు వైశాలి. పోయిన నెల మనోజకు ఏఎంహెచ్ పరీక్ష చేసింది నేనే. ఆడదానికి అండాలు ఏపాటి మిగిలాయో చెప్పే పరీక్ష అది. ముప్పై దాటని పిల్లకు నలభై దాటినదాని అంకె వచ్చింది. "అంకె తగ్గితే ఇగ పిల్లలే కారని గాదు. మీ ఆయనకు గూడ మగోళ్ల పరీక్ష చేయించు," అని చెప్పి పంపాను. ఆయన రానే లేదు.

"ఇయ్యాల ఈ చిన్నదానికి తియ్యి స్వరాజ్యం. రక్తం తక్కువున్నట్టుంది. మొకం చూడు, ఎట్ల పాలిపోయిందో," అంది బుగ్గమ్మ, తలుపుకు అడ్డంగా నిలబడి.

పాలిపోవడమా? హయత్‌నగర్‌లో డిగ్రీ చదివే ఇరవై ఏళ్ల పిల్ల, బుగ్గలు నిగనిగలాడుతున్నాయి. కుర్చీలో కూచుని చేయి చాపి, "జర నొప్పి కాకుండ తియ్యక్కా, బిర్యానీ తినిపిస్త," అని నవ్వింది.

కౌంటర్లో బుగ్గమ్మ రాయించిన చీటీ చూశాను. రక్తం తక్కువో కాదో చూడాలంటే ఊదా మూత గొట్టంలోకి తీయాలి. చీటీలో ఆ పరీక్షే లేదు. ఉన్నది ఏఎంహెచ్. అక్కకు పిల్లలు కాకపోతే చెల్లెల్ని అదే మగడికి కట్టబెట్టడం మా దిక్కు పాత ఆనవాయితీ. ఇప్పుడు ముందే రక్తం చూసుకుంటున్నారు, అంతే తేడా.

మనోజ వైపు చూశాను. తల దించుకుంది. తెలుసు దానికి!

అరికాలి మంట నెత్తికెక్కింది. "వైశాలీ, ఇది రక్తం తక్కువ పరీక్ష గాదే. నీకు పిల్లలైతరా కారా అని చూస్తున్నరు. మీ బావ కోసం," అనేశాను.

నవ్వు ఆగిపోయింది. చేయి వెనక్కి లాక్కుంది. "అవ్‌నా అక్కా? మరి బావకు చేసిన్రా?"

"మగోనికెందుకే?" అంది బుగ్గమ్మ.

మనోజ ఏడుస్తూ చెల్లెలి భుజం పట్టుకుంది. "వేరేదాన్ని తెస్తే నన్ను ఎల్లగొడ్తరే. నువ్వైతే నన్ను ఉండనిస్తవ్ గదా."

నిజం చెబితే చాలు, పిల్ల గట్టెక్కుతుందనుకున్నాను. వైశాలి అక్క వైపు తిరిగింది. చున్నీతో ఆమె కళ్లు తుడిచింది. తరువాత చేయి మళ్లీ నా ముందు పెట్టింది.

"తియ్యక్కా."

"నేను తియ్య! సచ్చినా తియ్య!" అని సూది ట్రేలో విసిరేశాను.

"పట్నంల నీ ఒక్క ల్యాబే ఉన్నదా?" అని బుగ్గమ్మ తలుపు తెరిచింది.

రోడ్డు అవతల ఇంకో ల్యాబు ఉంది. అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాను. ముగ్గురూ రోడ్డు దాటారు. అందరికంటే ముందు నడిచింది వైశాలే.