ఆగిన మోటారులో కరెంటు

ఉషారాణి కృష్ణపట్నం దగ్గర ఒక కరెంటు ప్లాంటులో పదహారేళ్ళుగా ఎలక్ట్రీషియన్. చప్పుడు విని మోటారులో లోపం ఏమిటో చెప్పగలదు. అయినా, పక్కింటి అమ్మాయి షారన్ వచ్చి సాయం అడిగిన రోజున ఆమె తల అడ్డంగా ఊపింది.

షారన్ ఇంజనీరింగు మూడో సంవత్సరం. ఆమె, తోటి విద్యార్థులు కలిసి ఊళ్ళకు పనికొచ్చే యంత్రాలు తయారు చేస్తున్నారు. రొయ్యల గుంటలో ఆక్సిజన్ తగ్గినప్పుడు, నీళ్ళను చిలికి గాలి కలిపే ఏరియేటరును దానంతటదే తిప్పి, చాలనుకున్నప్పుడు ఆపే పెట్టె ఒకటి చేశారు. ఆదివారాలు వచ్చి వైరింగు చూసిపెట్టమని షారన్ బతిమాలింది. ఐటీఐ చదివిన తాను బీటెక్ పిల్లల ముందు, వాళ్ళ సార్ల ముందు నోరు విప్పడమా అని ఉషారాణికి భయం వేసింది. సెలవు దొరకదని అబద్ధం చెప్పి పంపేసింది. అలాంటి అబద్ధం మనలో ఎందరం చెప్పలేదు?

మూడు వారాల తర్వాత ఒక ఉదయం, మైపాడులో ఉండే చెల్లెలి ఇంటికి స్కూటీ మీద వెళుతూ, పెంచలయ్య అనే రైతు రొయ్యల గుంట గట్టున ఆ పిల్లలను చూసి ఆగింది. పెట్టె బిగించేశారు. ఏరియేటరు ఆగి ఉంది. దాని రెక్కలకు చుట్టుకున్న నాచు తీయడానికి గణేష్ అనే విద్యార్థి మోకాలి లోతు నీళ్ళలో నడుస్తున్నాడు.

ఫ్యూజులు తీశారా అని ఉషారాణి అడిగింది. మోటారు ఆగే ఉంది కదా, తీయడమెందుకని షారన్ జవాబు. అంతలో గణేష్ నిలబడిపోయాడు.

"కాళ్ళు జివ్వుమంటా ఉండాయక్కా."

"కదలొద్దు. దేన్నీ పట్టుకోవద్దు," అంది ఉషారాణి.

మెయిన్ స్విచ్చు ఉన్న షెడ్డు నలభై అడుగుల దూరం. పరుగెత్తుతున్నంతసేపూ, వెనక నీళ్ళలో మనిషి పడిన చప్పుడు వినిపిస్తుందేమోనని ఆమె ప్రాణం చెవుల్లోనే ఉంది. బురదలో ఒక చెప్పు ఊడిపోయింది. మెయిన్ దించి, ఫ్యూజులు పీకి గుప్పిట్లో పట్టుకుంది. వెనక్కి తిరిగి చూడటానికి ధైర్యం చాలలేదు.

చూసేసరికి గణేష్ నిలబడే ఉన్నాడు. అతడు గట్టెక్కేదాకా ఉషారాణి గుప్పిట్లోని ఫ్యూజులు వదల్లేదు.

తరువాత పెట్టె విప్పింది. మోటారును ఆపే స్విచ్చును పిల్లలు కరెంటు వచ్చే ఫేజు వైరుకు పెట్టవలసింది పోయి, అది తిరిగి వెళ్ళే న్యూట్రల్ వైరుకు పెట్టారు. మోటారు ఆగినా దాని దాకా కరెంటు వస్తూనే ఉంది. లీకైన కరెంటును నేలలోకి పంపే ఎర్త్ వైరు లేనే లేదు. కరెంటు తడిసిన మోటారు నుంచి ఇనుప చట్రానికి, అక్కణ్ణుంచి నీళ్ళలోకి పాకింది. గణేష్ ఇంకో రెండు అడుగులు వేసి ఆ చట్రం పట్టుకుని ఉంటే!

"వైరింగు బొమ్మ సరిగానే గీసినామక్కా. చేత్తో బిగించడం మాకెవరూ చూపించలేదు," అంది షారన్ ఏడుస్తూ.

ఆ మాట ఉషారాణికి గుచ్చుకుంది. చూపించమని ఆ పిల్ల అడిగింది తననే.

తన గుంటలో పిల్లకాయలు చచ్చిపోయి ఉంటే వాళ్ళ అమ్మానాన్నలకు ఏం చెప్పేవాడినని పెంచలయ్య పెట్టెను పీకి పారేయబోయాడు. తానే సరిచేసి, పరీక్షించి ఇస్తానని ఉషారాణి అతణ్ణి ఆపింది.

తరువాతి ఆదివారం ఆమె కాలేజీ వర్క్‌షాపుకు వెళ్ళింది. ముప్ఫైమంది విద్యార్థులు కూర్చుని ఉన్నారు. ఆమె టెస్టరును బల్ల మీద పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. వెనక కూర్చున్న లెక్చరర్ హరినాథ్ గారు లేచి ముందు బెంచీకి వచ్చి, తానూ ఈ పని పుస్తకంలోనే చదివానని చెప్పి నోటుబుక్కు తెరిచారు. అప్పుడు ఉషారాణి నోరు విప్పింది.

"షారన్ పిలిచిన రోజు భయపడి రాలేదు నేను. ఇప్పటికీ కళ్ళు మూస్తే ఈ గణేష్ నీళ్ళలో నిలబడే కనిపిస్తా ఉండాడు. ఇంక ప్రతి ఆదివారం వస్తా. తెలియంది అడగడానికి మీరు సిగ్గుపడొద్దు. పని తెలిసినోళ్ళం చెప్పడానికి భయపడి ఇంట్లో కూర్చుంటే, అది పిల్లకాయల ప్రాణాల మీదికి వస్తాది."