రెండో మారు అడగని చెన్నమ్మ

కళ్యాణదుర్గం పక్క పల్లెలో ఉండే చెన్నమ్మకు ఒక పట్టింపు ఉంది. ఎవరినైనా, ఏదైనా ఒక్కసారే అడుగుతుంది. కరువు సీమలో ముద్ద వద్దన్న మనిషి నిజంగానే వద్దన్నట్టు, మళ్లీ అడిగితే వాడి మాటను అబద్ధం చేసినట్టు అని ఆమె లెక్క. ఆ ఊళ్లో అందరూ అంతే గానీ, చెన్నమ్మ నాలుగాకులు ఎక్కువ చదివింది. పెళ్లైన కొత్తలో మొగుడు అలిగి అరుగు మీద పడుకుంటే లోపలికి రమ్మని ఒక్కసారే పిలిచింది. పాపం ఆయన నాలుగు రాత్రులు చలిలో వణికి, ఐదో రోజు తనే చాప చుట్టుకుని వచ్చాడు.

అలాంటి మనిషి ఇంటికి కోనసీమ నుంచి లక్ష్మీపతి వచ్చాడు. ఆయన కూతురు గౌతమి, చెన్నమ్మ కొడుకు ఓబిలేష్ గుంతకల్లు రైల్వే ఆఫీసులో పనిచేస్తూ ఇష్టపడ్డారు. పెద్దవాళ్లు ఒప్పుకుంటేనే పెళ్లి అని గౌతమి ఖాయంగా చెప్పేసింది. అందుకే ఓబిలేష్ పొద్దున్నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

చెన్నమ్మ బొరుగుల ఉగ్గాని, బజ్జీలు తెచ్చింది. "తింటారా అన్నా?"

"అబ్బే, వద్దండీ. ఇప్పుడే టిఫిన్ చేసి వచ్చాను," అన్నాడు లక్ష్మీపతి. నిన్న రైలెక్కినప్పటి నుంచి మంచినీళ్లు తప్ప ముట్టని మనిషి.

"సరే." ప్లేటు లోపలికి పోయింది.

"నాకు పెట్టత్తా, ఆకలైతాంది," అంది తండ్రితో పాటు వచ్చిన గౌతమి. గుంతకల్లులో ఉన్న రెండేళ్లలో ఈ సీమ నీళ్లు బాగానే వంటబట్టాయి. చెన్నమ్మకు పిల్ల అక్కడికక్కడే నచ్చేసింది.

మధ్యాహ్నం ఓళిగలు, అదే లక్ష్మీపతి వైపు బొబ్బట్లు, వచ్చాయి. మళ్లీ ఒక్కసారి అడగడం, మళ్లీ వద్దనడం, నేతి వాసన కొడుతూ అవీ లోపలికి పోవడం అయింది. కన్నకూతురు ఎదురుగా కూర్చుని మూడు తినేసింది. మర్యాద ఇంత ఏడిపిస్తుందని లక్ష్మీపతికి ఇన్నేళ్లూ తెలియలేదు.

"అన్నా, మీ బిడ్డను మా వానికిస్తారా?" అని అడిగింది చెన్నమ్మ.

సంబంధం ఆయనకు నచ్చింది. కానీ అడగ్గానే ఊఁ అంటే ఆడపెళ్లివారు అలుసైపోరూ? "అబ్బే, ఇప్పుడే ఏం తొందరండీ. చూద్దాం."

"సరే అన్నా, మీ ఇష్టం. ఓబిలేషూ, ఆటోకు చెప్పుపో."

ఓబిలేష్ ముఖం మాడిపోయింది. "అమ్మా, ఇంగొక మారు అడుగుమా."

"వద్దన్నోళ్లను యాడన్నా రెండు మార్లు అడుగుతారారా? మనకు రోషం లేదా?" అంది చెన్నమ్మ. గౌతమి కళ్లనిండా నీళ్లు. చెన్నమ్మకూ ఆ పిల్లే కావాలి.

ఆటో వచ్చింది. లక్ష్మీపతి గడప దాటి, గోడ పట్టుకుని ఆగాడు. "చెల్లెమ్మా, ఏమనుకోకు. కళ్లు తిరుగుతున్నాయి. ఆకలేస్తోందమ్మా."

చెన్నమ్మకు తల కొట్టేసినట్టయింది. తన ఇంటికొచ్చిన మనిషి పస్తుతో పోతున్నాడు. "ఏమప్పా! మరి రెండుసార్లూ వద్దంటిరి కదా!"

"మా వైపు మూడోసారి అడిగాకే తింటామమ్మా. మొదటి రెండూ మర్యాదకి."

"అబద్ధం చెప్పేది మర్యాదనా?" అని తిడుతూనే విస్తరేసి నాలుగు ఓళిగలు పెట్టి నెయ్యి పోసింది. ఆయన ఆవురావురుమని తింటుంటే ఆమెకు తట్టింది. మరి 'చూద్దాం' అన్నదో?

మొగుడి కోసం కూడా విడవని పట్టింపు అది. కొడుకు వైపు చూసింది. పిల్ల వైపు చూసింది.

"అన్నా, రెండో మారు అడుగుతాండా. ఈ పిల్లను మాకిస్తారా?"

లక్ష్మీపతి అలవాటుగా "అబ్బే" అనబోయాడు. మూడోసారి ఈ మనిషి చచ్చినా అడగదని గుర్తొచ్చింది. "ఇచ్చానమ్మా!" అన్నాడు, నోట్లో ఓళిగ ఉండగానే.

చెన్నమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని గిన్నె ఎత్తింది. "ఇంగొకటి ఎయ్యనా అన్నా?"

"అబ్బే, వద్దండీ."

గిన్నె వెనక్కి తీయబోయి ఆగింది. రెండు ఓళిగలు ఆయన విస్తట్లో పడేసింది.

"ఇంగ మిమ్మల్ని అడిగేదే లేదన్నా. పెట్టేదే."